ఫుట్‌బాల్ మేనేజర్‌ని "సారథి" అనొచ్చా?

ప్రశ్న:
ఫుట్‌బాల్ గురించి ఒక వ్యాసం అనువదిస్తూ "మేనేజర్" దగ్గర ఆగిపోయాను. "శిక్షకుడు" అంటే కోచ్ అయిపోతాడు. "నిర్వాహకుడు" అంటే టోర్నమెంటుకి కుర్చీలు వేయించేవాడిలా ఉంది. "సారథి" బాగుంది గానీ పత్రికలవాళ్లు దాన్ని ఎప్పుడో కెప్టెన్‌కి ఇచ్చేశారు. ఏమందాం?

జవాబు:
ఇచ్చింది తప్పు మనిషికండీ! సారథి రథం తోలతాడు, బాణాలు వేసేది రథికుడు. మైదానంలో దిగి బంతి తన్నే కెప్టెన్ ఎంత గొప్పవాడైనా రథికుడే. ఆయుధం పట్టకుండా యుద్ధం గెలిపించాల్సినవాడు గీత బయట నిలబడి అరుస్తున్న మేనేజర్.

కృష్ణుడి సారథ్యం అనగానే అందరూ భగవద్గీత దగ్గరే ఆగిపోతారు. నాకు ద్రోణపర్వం ఇష్టం. పొద్దు గుంకేలోపు సైంధవుణ్ణి చంపాలి, లేకపోతే అర్జునుడు అగ్నిలో దూకాలి. అంత టెన్షన్‌లోనూ కృష్ణుడు యుద్ధం మధ్యలో గుర్రాలు విప్పి, ఒంట్లో దిగిన బాణాలు పీకి, నీళ్లు పట్టిస్తాడు. ఎవరు అలిసిపోయారు, ఎవర్ని ఆపాలి, ఎవర్ని ఎప్పుడు దింపాలి అన్నది మేనేజర్ పనిలో సగం. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ బయర్న్ మ్యూనిక్ చేతిలో 0-1తో ఓడిపోయేలా ఉంది. యునైటెడ్ మేనేజర్ ఫెర్గుసన్ బెంచీ మీంచి లేపి పంపిన షెరింగ్‌హామ్, సోల్‌షేర్ ఇంజురీ టైమ్‌లో, అంటే 90 నిమిషాలూ అయ్యాక కలిపే కొసరు సమయంలో, చెరో గోల్ కొట్టారు. ఆయన ఆ జట్టుకి వచ్చింది 1986లో, మొదటి లీగ్ టైటిల్ 1993లో. మధ్యలో ఆయన్ని పంపించేయమన్నవాళ్లకు కొదవ లేదు. దిగిపోయేసరికి లీగ్ టైటిళ్లు 13.

మరో జవాబు:
మరి శల్యుడూ సారథేగా? గుర్రాల విద్యలో కృష్ణుడికి సాటి అనే కదా కర్ణుడి రథం ఎక్కించారు. పగ్గాలు సరిగ్గానే పట్టాడు, నోటితోనే కర్ణుణ్ణి కుంగదీశాడు. "శల్యసారథ్యం" అన్న మాట అలా పుట్టింది. 1974లో బ్రయాన్ క్లఫ్ లీడ్స్ జట్టుకి మేనేజర్‌గా వెళ్లి, అప్పుడే ఛాంపియన్లయిన ఆటగాళ్లతో "మీ పతకాలు చెత్తబుట్టలో పడేయండి, మోసం చేసి గెలిచినవేగా" అన్నాడని ప్రతీతి. 44 రోజుల్లో ఇంటికి పంపేశారు. అదే క్లఫ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి 1979, 1980ల్లో వరసగా రెండు యూరోపియన్ కప్పులు తెచ్చిపెట్టాడు. కాబట్టి శల్యుడితో పోలిక లీడ్స్ వరకే. శల్యుడిలా క్లఫ్ పగవాడికి మాటిచ్చి రాలేదు, నోరు ఆగలేదంతే.

మొదటి జవాబు రాసిన నేనే:
శల్యసారథ్యం బాగా గుర్తుచేశారు. గుర్రాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇటలీ మేనేజర్ అరిగో సాకి పెద్ద ఆటగాడు కాదు, చెప్పులమ్మేవాడు. నువ్వెలా కోచ్‌వయ్యావని దెప్పితే, జాకీ కావాలంటే ముందు గుర్రమై ఉండాలని నాకు తెలీదే అన్నాడట. 1989లోనూ 1990లోనూ యూరోపియన్ కప్పు ఆయన ఏసీ మిలాన్‌దే.

ఇంకొకరు:
ఆడుతూనే మేనేజరైతే ఏ పేరు పెడతారు? 1986లో కెన్నీ డాల్‌గ్లిష్ లివర్‌పూల్ మేనేజరూ, ఆటగాడూ. లీగ్ ఖాయం చేసిన గోల్ తనే కొట్టాడు, చెల్సీ మీద.

మొదటి జవాబు రాసిన నేనే:
బృహన్నల! ఉత్తరుడికి రథం తోలడానికి వెళ్లి, చివరికి పగ్గాలు వాడి చేతికిచ్చి తనే గాండీవం పట్టాడు.

ప్రశ్న వేసినవారు:
వాదన ఒప్పుకుంటున్నా. కానీ నేను "సారథి" అని రాస్తే పాఠకుడికి కెప్టెనే కనిపిస్తాడు, ప్రతిసారీ కింద ద్రోణపర్వం చెప్పలేను కదా. "మేనేజర్" అనే ఉంచేస్తున్నా. లీడ్స్ పేరా ఒకటుంది, అక్కడ మాత్రం శల్యసారథ్యం వాడుకుంటా.