కాఫీ మత్తు "వదలగొడుతుందా"?

ప్రశ్న: దిద్దుతున్న ఆరోగ్య వ్యాసంలో ఈ వాక్యం ఉంది: "కెఫీన్ మెదడులోని అడెనోసిన్‌ను తొలగించి నిద్రమత్తు వదలగొడుతుంది." ఉంచవచ్చా? రిసెప్టర్‌ని గ్రాహకం అనవచ్చా?

జవాబు: గ్రాహకం బాగానే ఉందండీ, మొదటిసారి వచ్చినచోట రిసెప్టర్ అని కూడా రాయండి. "తొలగించి" మాత్రం తప్పు. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, పడుకుంటే తగ్గుతుంది. అది కణాల మీది ఏ1, ఏ2ఏ గ్రాహకాలకు, అంటే సంకేతాన్ని అందుకునే చోట్లకు, అతుక్కుంటేనే మత్తు. కెఫీన్ ఆ చోటుని బస్సు సీటులో తువ్వాలు వేసినట్టు ఆపి ఉంచుతుంది, అంతే. గ్రాహకాన్ని పనిచేయించదు, అడెనోసిన్‌ని ముట్టుకోదు. చాలామంది పెద్దవాళ్లలో సుమారు 5 గంటలకు కెఫీన్ సగమవుతుంది. అంటే సాయంత్రం 5కి 100 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తే రాత్రి 10కి ఇంకా 50 దాకా ఉంటుంది. గర్భిణుల్లో ఇంకా నెమ్మది. కెఫీన్ దిగేకొద్దీ, అప్పటిదాకా పోగైన మత్తు మీద పడుతుంది. కాబట్టి "మత్తు తెలియనివ్వదు" అనండి.

మరొకరు: వాడుకలో "మత్తు వదిలింది" అనేది కాఫీ తాగినవాడి అనుభవం, దాన్ని తప్పనలేం. శీర్షికలో ఉండనివ్వండి, వివరణలో వద్దు.

జవాబు: ఒప్పుకుంటాను. అయితే "గ్రాహకాలను అడ్డుకుంటుంది" అని వదిలేసినా చాలదు, ఏ గ్రాహకమో చెప్పాలి. క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న జలుబు మాత్ర కూడా అడ్డుకునేదే, కానీ అది అడ్డుకునేది హిస్టమిన్ హెచ్1 గ్రాహకాలను. మెదడులో హిస్టమిన్ మెలకువ వైపు కనుక ఫలితం తలకిందులు: తూగు వస్తుంది. అదే కోవకు చెందిన సెట్రిజిన్ మెదడులోకి తక్కువ చేరుతుంది కాబట్టి దానితో తూగు తక్కువ.

ఇంకొకరు: అదే వ్యాసంలో నార్కోలెప్సీని (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) "ఒరెక్సిన్ గ్రాహక లోపం" అన్నారు. సరేనా?

జవాబు: ఒరెక్సిన్ అంటే మెలకువను నిలిపే మెదడు రసాయనం. ఆ మాట డాబర్‌మన్ కుక్కల్లో సరే. వాటిలో ఒరెక్సిన్ రెండో గ్రాహకపు జన్యువే చెడిందని 1999లో తేలింది. మనుషుల్లో, ముఖ్యంగా ఉన్నట్టుండి కండరాలు సడలిపోయే రకంలో, నశించేది మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో ఒరెక్సిన్ తయారుచేసే కణాలు. అక్కడ "ఒరెక్సిన్ లోపం" అని రాయండి. నిద్రలేమికి 2014లో అమెరికాలో అనుమతి పొందిన సువోరెక్సాంట్ ఈ గ్రాహకాలు రెంటినీ అడ్డుకుంటుంది. దాన్ని "మత్తుమందు" అనకండి, "మెలకువ సంకేతాన్ని ఆపే మందు" అనండి.

ప్రశ్న అడిగినవారు: ఇలా మార్చాను: "కెఫీన్ అడెనోసిన్ గ్రాహకాలను అడ్డుకుని, పేరుకున్న మత్తును కొన్ని గంటలు తెలియనివ్వదు."