కోటప్పకొండ కోతులు, ఉప్పలపాడు కొంగలు: పిల్లలతో వెళ్లేటప్పుడు ఎలా మెలగాలి?

ప్రశ్న (విజయవాడ)
పోయిన ఆదివారం ఒక కొండ గుడి మెట్ల మీద, కొబ్బరిచిప్పలున్న ప్లాస్టిక్ కవరును ఒక కోతి మా తొమ్మిదేళ్ల అబ్బాయి చేతిలోంచి లాక్కుంది. వాడు వదలకుండా గుంజేసరికి మణికట్టు మీద గీరింది. సన్నగా రక్తం కనిపించింది. మా అత్తగారు పసుపు అద్దారు, మర్నాటికి మంట తగ్గిందని మేమూ ఊరుకున్నాం. ఈ ఆదివారం కోటప్పకొండ వెళ్లి, తిరుగు ప్రయాణంలో ఉప్పలపాడు పక్షులను చూడాలనుకుంటున్నాం. పిల్లలకు ముందుగా ఏమి చెప్పి తీసుకువెళ్లాలో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (గుంటూరు)
ప్రయాణం సంగతి తరువాత. బాబును ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కోతి గీరినా రేబిస్ టీకా వేయించాలి. ఆలస్యమైందని మానకూడదు, ఎందుకంటే ఆ వ్యాధి నెలల తరువాత కూడా బయటపడవచ్చు, బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. రక్తం వచ్చింది కనుక ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోగా కాపాడేందుకు గాయం చుట్టూ వేసే మందు) కూడా అవసరమేమో వైద్యుణ్ణి అడగండి. ఇకముందు ఇలా జరిగితే వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ పెట్టవద్దు.

జవాబు 2 (గుంటూరు, సొంతూరు నరసరావుపేట)
కాకి వాలదని పేరున్న మా కొండ మీద కోతులకు మాత్రం కొదవ లేదు. కవరు గరగరలాడితే చాలు, దిగివస్తాయి. కొబ్బరి, అరటిపండ్లు జిప్పు సంచిలో పెట్టుకోండి. కోతి పళ్లు బయటపెడితే నవ్వుతోందనుకుని పిల్లలు తామూ ఇకిలిస్తారు, అది బెదిరింపు. కళ్లలోకి సూటిగా చూడకుండా, పట్టుకున్నది వదిలేసి, పరుగెత్తకుండా వెనక్కి అడుగులు వేయాలి. పండు పెడితే పుణ్యమనేవారితో నాకెప్పుడూ పేచీయే.

జవాబు 3 (గుంటూరు)
ఉప్పలపాడులో పక్షులు ఊరి చెరువులోని తుమ్మచెట్ల మీదే గూళ్లు కడతాయి గనుక, ఇదేమీ అడవి కాదు కదా అని జనం ఈలలు వేస్తారు. ఫొటోలో గుంపంతా ఎగురుతూ పడాలని గులకరాళ్లు విసిరినవారినీ చూశాను. మిట్టమధ్యాహ్నం ఎర్రకాళ్ల కొంగ గూటి మీద నిలబడి, రెక్కలు విప్పి, ఈకలు సరిగా రాని పిల్లలకు గొడుగు పట్టినట్టు నీడనిస్తుంది. అది బెదిరి లేచిందంటే మన గుంటూరు ఎండ నేరుగా ఆ పిల్లల మీద పడుతుంది, పక్క గూటిలోని గుడ్లు కాకుల పాలవుతాయి. కాబట్టి గట్టు దిగకుండా, బైనాక్యులర్‌తో దూరం నుంచే చూడండి. పిల్ల కింద పడి ఉంటే ముట్టుకోకుండా అక్కడి సిబ్బందికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. నిన్న గురువారం బాబుకు రెండు భుజాలకూ టీకా వేసి, 3, 7, 28వ రోజుల్లో మళ్లీ రమ్మని చీటీ రాసిచ్చారు. మూడో రోజు ఆదివారానికే పడింది గనుక ప్రయాణం మరో వారానికి వాయిదా వేశాం. జిప్పు సంచి, పక్కింటివారి బైనాక్యులర్ మాత్రం సిద్ధంగా ఉన్నాయి.