షావుకారు ఒక్కడే ఉన్న ఊళ్లో స్వేచ్ఛా విపణి ఎలా పనిచేస్తుంది?

పెద్దలకు నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె; మూడెకరాల వరే మాకు ఆధారం. 2024-25లో కేంద్రం సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 2,300 రూపాయల మద్దతు ధర ప్రకటించగా, మా రాష్ట్ర ప్రభుత్వం దానిపై 800 కలిపి 3,100 చేసింది. మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో ఆ 800 లేదు కనుక ధాన్యం అటునుంచి ఇటు రావాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి తనిఖీలు, రైతులకు అమ్మకపు టోకెన్లు.

కొరత ఎక్కడో, మిగులు ఎక్కడో తెలిపే సంకేతమే ధర అనీ, జనంలో చెదిరి ఉన్న ఆ సమాచారాన్ని ఏ కార్యాలయమూ ఒకచోట పోగుచేయలేదనీ 1945లో ఆర్థికవేత్త హయెక్ వాదించారు. కందులు వేసే మెట్ట చెక్కలో కూడా మా నాన్నగారు ఆ 3,100 కోసం వరి వేయడం చూశాక, ఆ మాట నిజమే అనిపించింది.

అయితే మొన్నటి కోతలకు తేమ మీటరు అనుమతించిన 17 శాతం దాటి 18 చూపిందని ప్రభుత్వ కొనుగోలు మండిలో మా బస్తాలు తిప్పి పంపారు. ఊరి షావుకారు బస్తాలోకి చెయ్యి పెట్టి, గుప్పెడు గింజలు నోట కొరికి, క్వింటాలుకు 1,800 అన్నాడు. అదీ పాత బాకీ మినహాయించుకుని! ఇంకొక కొనుగోలుదారు లేడు.

నా సందేహం ఇది: ప్రభుత్వ కొనుగోలే ఇతర వ్యాపారులను రానివ్వలేదా, లేక వారు రారు కనుకనే ప్రభుత్వం కొంటున్నదా? 1959లో, స్వేచ్ఛా విపణిని సమర్థించిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులైన ఆచార్య రంగా గారు స్వయంగా రైతు నాయకులు. 1967లో ఆ పార్టీ ఒడిశాలో సంకీర్ణ ప్రభుత్వానికి నాయకత్వం కూడా వహించింది. ఆ పక్షం వారు ధాన్యం ధరపై ఏ వైఖరి తీసుకున్నారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.