ప్రభుత్వ వెబ్‌సైట్లకి అంత డబ్బు పోసినా ఎందుకు పనిచేయవు? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

సందేహాల_పుట్ట
ఆస్ట్రేలియా వాతావరణ శాఖ వెబ్‌సైట్ గొడవ ఫాలో అయ్యారా ఎవరైనా? 2025 అక్టోబర్‌లో కొత్త సైట్ వదిలారు, రాడార్ మ్యాప్‌లో జనానికి ఏళ్ల తరబడి అలవాటైన రంగులు మార్చేశారు, కావాల్సిన పేజీ ఎక్కడుందో దొరకట్లేదని రైతుల దగ్గర్నుంచి అందరూ తిట్టిపోశారు, కొన్ని రోజులకే పాత రాడార్ రంగులు మళ్లీ పెట్టాల్సొచ్చింది. అదలా ఉంచితే అసలు విషయం ఖర్చు. మొదట 41 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు అన్నారు, నవంబర్‌లో మొత్తం లెక్క బయటికొస్తే 9 కోట్ల 65 లక్షల డాలర్లు!

నేను చిన్న చిన్న కంపెనీలకి సైట్లు చేస్తుంటాను. మాకు ఒక పేజీ రెండు సెకన్లు లేటైతే క్లయింట్ ఫోన్ చేసి వాయించేస్తాడు. మరి వీళ్లకి ఇంత డబ్బిచ్చి ఇలాంటి సరుకు ఎలా తీసుకుంటారు? "అంతా లంచాలే బ్రో" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి ప్లీజ్, అది నాకూ తెలుసు, కానీ లంచం లేని చోట కూడా ఇదే జరుగుతోంది కదా. డబ్బు అసలు ఎక్కడికి పోతుంది?

వెనకాల_సర్వర్
ఆ 9.65 కోట్లు మొత్తం రంగులు మార్చడానికి కాదండీ, అలా చూస్తే అన్యాయం. డిజైన్‌కి 41 లక్షలు, సైట్ కట్టడానికి దాదాపు 8 కోట్లు, మిగతాది లాంచ్‌కీ సెక్యూరిటీ టెస్టింగ్‌కీ. ఆ శాఖ మీద 2015లో సైబర్ దాడి జరిగింది, ఆ తర్వాతే పాత సిస్టమ్స్ అన్నీ మార్చాలని పెద్ద ప్రోగ్రామ్ పెట్టుకున్నారు. పైగా తుఫాను వచ్చిన రోజే దేశం మొత్తం ఆ సైట్ మీద పడుతుంది, ఆ రోజు పడిపోతే ప్రాణాల మీదకొస్తుంది. మీరూ నేనూ చేసే సైటుకి ఆ బాధ లేదు.

కాకపోతే ఖర్చు ఎక్కువైందా లేదా అన్నది ఒక సంగతి, 9.65 కోట్ల పనికి ముందు 41 లక్షలనే అంకె ఒక్కటే చెప్పడం ఇంకో సంగతి. రెండోదానికి నా దగ్గర సమర్థన లేదు. ఇంకోటి, వెనకాల ఎంత గట్టిగా కట్టినా చూసేవాడికి తన ఊరి వాన కనపడకపోతే వాడికి అది చెత్త సైటే, వాడి లెక్క తప్పు కాదు.

చేంజ్_రిక్వెస్ట్_రాజు
వెండర్ సైడ్, అంటే ప్రభుత్వానికి సైట్లు చేసిచ్చే కంపెనీల్లో, చాలా ఏళ్లు చేశాను కాబట్టి చెప్తున్నా, డబ్బు కోడ్‌లోకి పోదు, పేపర్లలోకి పోతుంది. టెండర్‌లో తక్కువ కోట్ చేసి పని పట్టుకుంటారు, ఎందుకంటే తక్కువ వేసినవాడికే వస్తుంది. అందులో లాభం లేదని కంపెనీకి ముందే తెలుసు. అసలు సంపాదన తర్వాత వచ్చే చేంజ్ రిక్వెస్టుల్లో (సీఆర్, అంటే ఒప్పందంలో లేని ప్రతి మార్పుకీ విడిగా బిల్లు). ఆర్‌ఎఫ్‌పీ (ఏమేం కావాలో చెప్పే టెండర్ కాగితం) రాసినప్పుడు "మొబైల్‌లో కూడా ఫారం సేవ్ అవ్వాలి" అని రాయలేదనుకోండి, అది ఒక సీఆర్. బటన్ పక్కకి జరపాలా, సీఆర్. మధ్యలో రూల్ మారిందా, పండగే. అప్పటికి డిపార్ట్‌మెంట్ ఇంకెవరి దగ్గరికీ పోలేదు కాబట్టి మేం చెప్పిందే రేటు.

ఇక సబ్ కాంట్రాక్టుల గొలుసు. కెనడాలో కోవిడ్ టైమ్‌లో బోర్డర్ దగ్గర వాడటానికి అరైవ్‌కాన్ అని ఒక యాప్ చేశారు. 2024 ఫిబ్రవరిలో అక్కడి ఆడిటర్ జనరల్ రిపోర్ట్ చూడండి, దాదాపు 5 కోట్ల 95 లక్షల కెనడియన్ డాలర్లు అని అంచనా వేశారు, అంచనా అని ఎందుకన్నానంటే రికార్డులు అంత దరిద్రంగా ఉన్నాయి, కచ్చితమైన అంకె తేల్చలేమని ఆడిటరే రాశారు. ఎక్కువ డబ్బు వెళ్లిన కంపెనీలో ఉన్నది ఇద్దరు! వాళ్లు కోడ్ రాయరు, రాసేవాళ్లని తెచ్చి మధ్యలో కమీషన్ తీసుకుంటారు. రెండున్నరేళ్లలో 177 వెర్షన్లు వదిలారు, చాలావాటికి టెస్టింగ్ చేసినట్టు కాగితమే లేదు, 2022లో ఒక వెర్షన్ అయితే సుమారు 10,000 మందికి అక్కర్లేకపోయినా క్వారంటైన్‌లో ఉండమని మెసేజ్ పంపింది.

సందేహాల_పుట్ట
రాజు గారూ థాంక్స్, సీఆర్ సంగతి వింటే కడుపు మండిపోయింది. అయితే ఒక డౌట్. ఇదంతా తెలిసి కూడా డిపార్ట్‌మెంట్ వాళ్లు పదిమంది ఉన్న మంచి చిన్న టీమ్‌కి ఎందుకివ్వరు?

ఫైలు_కదలదు
ఇవ్వలేం బాబూ. నేను టేబుల్ అవతల పక్క కూర్చునేవాణ్ణి, మా తిప్పలు కూడా వినండి. టెండర్‌లో ఇంత టర్నోవర్ ఉండాలి, ఇలాంటి ప్రాజెక్టులు ముందే చేసుండాలి, ఫలానా సర్టిఫికెట్లుండాలి అని పెడతారు, చిన్న టీమ్ ఆ మొదటి పేజీలోనే ఎగిరిపోతుంది. ఆ కండిషన్లు తీసేద్దామంటే సంతకం పెట్టేదెవరు? పెద్ద కంపెనీకిచ్చి ప్రాజెక్ట్ మునిగితే "అంత పెద్ద కంపెనీయే చేయలేకపోయింది" అంటారు, చిన్నవాళ్లకిచ్చి మునిగితే వాడు నీకు బావమరిదా అని ఎంక్వైరీ వేస్తారు. రిటైరయ్యాక కూడా ఆ ఫైలు వెంటాడుతుంది. అందుకని ఎవరూ మంచి సైట్ కొనరు, ఆడిట్‌లో నిలబడే సైట్ కొంటారు.

ఇంకో దరిద్రం యూఏటీ, అంటే సైట్ తీసుకునే ముందు వాడేవాళ్లు చేసి చూడాల్సిన టెస్ట్. సైట్ వాడాల్సింది జనం, ఓకే చేసేది మేము. ఆఫీసు నెట్‌లో, పెద్ద స్క్రీన్ మీద, వెండర్ మనిషి పక్కన కూర్చుని ఇక్కడ నొక్కండి సర్ ఇక్కడ నొక్కండి అంటుంటే నొక్కుతాం, అన్నీ పనిచేస్తాయి, సైన్ ఆఫ్ అయిపోతుంది, మైల్‌స్టోన్ బిల్లు పాసవుతుంది. పాత ఫోన్‌లో, సగం సిగ్నల్‌లో, కళ్లు సరిగా కనపడని మనిషి ఆ ఫారం నింపగలడా అన్న గడి ఆ ఎక్సెల్ షీట్‌లో ఉండదు. పెడితే ప్రాజెక్ట్ లేటవుతుందని పెట్టనివ్వరు, పైగా గో లైవ్ డేట్, అంటే సైట్ జనానికి తెరిచే రోజు, ఎప్పుడో ప్రకటించేసి ఉంటారు కదా.

లోడ్_తట్టుకోలేదు
గో లైవ్ డేట్ అన్నారు కాబట్టి, అమెరికా ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ సైట్ హెల్త్‌కేర్.గవ్ గురించి చెప్పకుండా ఉండలేను. 2013 అక్టోబర్ 1న ఓపెన్ చేయాలని ముందే డేట్ ఫిక్స్. అంతకు కొన్ని రోజుల ముందు టెస్టులో కొన్ని వందల మంది ఒకేసారి వచ్చినట్టు చూస్తేనే పడిపోయింది, అయినా ఓపెన్ చేశారు. లక్షల మంది వచ్చారు, మొదటి రోజు ఇన్సూరెన్స్ ఎన్‌రోల్‌మెంట్ పూర్తి చేయగలిగింది ఆరుగురు. ఆరు లక్షలు కాదు, ఆరుగురు.

డిజైన్ తప్పు కూడా ఒకటుంది, నాకది భలే ఇంట్రెస్టింగ్. ప్లాన్లు, రేట్లు ఊరికే చూడాలన్నా ముందు అకౌంట్ తెరవాలి అన్నారు. దాంతో చూసిపోదామని వచ్చినవాళ్లంతా లాగిన్ దగ్గరే జామ్. పదుల కొద్దీ కాంట్రాక్టర్లు తలా ఒక ముక్క చేశారు, అన్నీ కలిపి పనిచేస్తున్నాయా అని చూసే బాధ్యత గట్టిగా ఎవరి నెత్తి మీదా లేదు. 2014 మార్చి నాటికి సుమారు 84 కోట్ల డాలర్లు అని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ లెక్క. చివరికి బయటి నుంచి కొద్దిమంది ఇంజనీర్లని తెచ్చి, మానిటరింగ్ పెట్టి, రోజూ మీటింగులో ఏం పడిపోయిందో తెలిసినవాడే మాట్లాడాలని పెట్టాక దారిలో పడింది. అప్పటిదాకా సైట్ ఎందుకు పడిపోతుందో చూపించే డాష్‌బోర్డే సరిగా లేదంటే నమ్ముతారా.

జీతానికి_కోడర్
దీనికి మందు ఎప్పుడో దొరికింది కదా, బ్రిటన్ చేసింది చూడండి. 2011లో జీడీఎస్ అని ప్రభుత్వంలోనే సొంత టీమ్ పెట్టుకున్నారు, 2012 అక్టోబర్‌లో గవ్.యూకే వచ్చింది, డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అనే రెండు పెద్ద సైట్లు తీసేసి ఒకే చోట పెట్టారు. సేవల పేజీల్లో హంగులేమీ లేవు, ఫొటోలు లేవు, మంత్రిగారి ముఖం లేదు, తెల్ల పేజీ మీద పెద్ద నల్ల అక్షరాలు. కోడ్ చాలావరకు ఓపెన్‌గా పెట్టారు, వేరే దేశాలు తీసుకుని వాడుకున్నాయి. సొంత మనుషులుంటే చాలు, వెండర్ పీడ వదుల్తుంది.

ఫైలు_కదలదు
సొంత టీమ్ అంత మంత్రం కాదు నాయనా. అదే జీడీఎస్ వెరిఫై అని, ఆన్‌లైన్‌లో మనిషి ఎవరో నిర్ధారించే ఐడెంటిటీ సిస్టమ్ చేసింది గుర్తుందా? 2020 కల్లా 2.5 కోట్ల మంది వాడతారని టార్గెట్, 2019 ఫిబ్రవరికి వచ్చింది 36 లక్షల మంది, చివరికి 2023లో మూసేశారు. డిపార్ట్‌మెంట్లు మాకొద్దు అంటే ఎంత తెలివైన టీమైనా ఏం చేస్తుంది. ఐతే ఒకటి ఒప్పుకుంటా, లోపల కోడ్ చదవగలిగే మనిషి ఒక్కడున్నా రాజు గారు చెప్పిన సీఆర్లలో సగం మొదటి మీటింగులోనే చస్తాయి. మాకు బటన్ పక్కకి జరపడానికి మూడు వారాలు అంటే, కాదు అనే నాథుడు లేడు.

సందేహాల_పుట్ట
మరి కాంట్రాక్ట్ అయిపోయాక సోర్స్ కోడ్ మీకు ఇస్తారా? ఇస్తే తర్వాత ఇంకొకరితో చేయించుకోవచ్చు కదా.

చేంజ్_రిక్వెస్ట్_రాజు
క్లాజ్ ఉంటుంది, కోడ్ కూడా ఇస్తారు, జిప్ ఫైల్‌లో. దాన్ని ఎలా బిల్డ్ చేయాలో, ఏ సర్వర్‌లో ఏ వెర్షన్ ఉండాలో, డేటాబేస్‌లో ఏ టేబుల్ దేనికో రాసిన కాగితం మాత్రం ఉండదు. అది కావాలని అడిగితే ఏమంటారో మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది.

సందేహాల_పుట్ట
సీఆర్ 😭