మీటింగుకి రాని తల్లిదండ్రులకి పథకం డబ్బులు ఆపాలా?

సుగ్గి_ఊరి_టీచర్:
మాది కర్నూలు జిల్లా, ఆదోని వైపు ఒక చిన్న ప్రైమరీ స్కూల్. మొన్న పేరెంట్స్ మీటింగ్ పెడితే 64 మంది పిల్లలకి గాను 11 మంది వచ్చారు. అందులో నలుగురు అవ్వలు, ఒకావిడకైతే మనవడు ఏ క్లాసో కూడా తెలీదు, "అదో ఆ ఎర్రచొక్కా పిలగాడు సార్" అని చూపించింది. మా స్టాఫ్ లో ఒక సార్ ఏమంటాడంటే, పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే అమ్మఒడి డబ్బులు 75 శాతం హాజరుంటేనే అన్నప్పుడు పిల్లల్ని పంపారు కదా, అట్లనే ఇప్పుడు దాని బదులొచ్చిన తల్లికి వందనం డబ్బులకి మీటింగ్ హాజరు లింకు పెడితే అందరూ పరిగెత్తుకొస్తారు అని. నాకు సగం సబబే అనిపిస్తుంది, సగం మనసొప్పట్లేదు. మీరేమంటారు?

కందిచేను:
పెట్టాల్సిందే. కాన్వెంట్ కి ఫీజు కట్టేవాళ్ళు మీటింగ్ అంటే ఇస్త్రీ బట్టలేసుకుని మరీ పోతారు, ఊరికే వచ్చేదానికే విలువుండదు. 13,000 పడిన రోజు బ్యాంకు ముందు నిలబడేవాళ్ళకి ఏడాదికి నాలుగుసార్లు బడికి రావడానికి ఏం రోగం? 2024 డిసెంబర్ 7న మెగా మీటింగ్ అని తల్లులకి ముగ్గుల పోటీ, తండ్రులకి తాడు లాగుడు, భోజనం పెడితే మా ఊరి బడి కిటకిటలాడింది. అంటే రాలేక కాదు, రావాలని లేక.

మూడుచక్రాలు:
అన్నా ఏం రోగమో నేను చెప్తా. నేను ఆటో తోల్తా, మా ఆవిడ కూలికి పోతాది. మీటింగ్ పొద్దున పదింటికి, అంటే ఆ పూట కిరాయి పోయినట్టే, అయినా పోయినా రెండుసార్లు. మూడో క్లాసు పిల్లలు కూర్చునే బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని గంట కూర్చున్నా. మేడమ్ గారు లిస్టు పట్టుకుని ఒక్కొక్కరి పేరు చదివి అందరి ముందరా "మీవాడికి గుణింతాలే రావు, ఇంట్లో కూర్చోబెట్టి చదివించరా" అంటాది. నేను చదివింది నాలుగు. నాకొస్తే నేను చదివించనా? తర్వాత రిజిస్టర్ లో సంతకం పెట్టి పొమ్మన్నారు, ఏం రాసుందో చదవనియ్యలా. మావాడు ఇంటికొచ్చి రెండ్రోజులు నాతో మాట్లాడలా, నన్ను అందరూ చూస్తుంటే తిట్టించుకున్నానని వాడికి సిగ్గు. మూడోసారి పోలా. ఇప్పుడు దానికి డబ్బులు కూడా కోస్తారా?

కందిచేను:
మీ మేడమ్ ది తప్పే, కాదనను. కానీ ఒక మేడమ్ తిట్టిందని రాష్ట్రమంతా రాకపోవడానికి సాకు కాదది.

పాలమూరు_అక్క:
మాది తెలంగాణ. మా దగ్గర నెలకు మూడో శనివారం మీటింగ్ అంటరు, కాయితం మీద మంచిగనే ఉంటది. 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసిన్రు గదా, ఆడోళ్ళ పొదుపు గ్రూపుల గ్రామ సంఘం అధ్యక్షురాలు చైర్మన్, హెడ్మాస్టర్ కన్వీనర్. నేను సంఘంల ఉన్న కాబట్టి చెప్తున్న. బడికి రాని ఆడోళ్ళంతా మా పొదుపు మీటింగుకు వస్తరు, ఎందుకంటే అప్పు కిస్తీ అక్కడ కట్టాలె, అది వాళ్ళ సొంత లెక్క. ఒకసారి మా సార్ బడిల మీటింగ్ పెట్టుడు బంద్ చేసి మా సంఘం మీటింగుకే వచ్చి చాప మీద కూసున్నడు. తాగే నీళ్ళు, ఆడపిల్లల బాత్రూం తలుపు గొళ్ళెం, ఈ రెండే మాట్లాడినం, చదువు మాటనే రాలే. గొళ్ళెం పడ్డంక గప్పుడు ఆడోళ్ళు చదువు అడుగుడు షురూ చేసిన్రు. గొళ్ళెం లేని బాత్రూంకు పిల్లను పంపే తల్లికి గుణింతాలు యాదికుంటయా సారూ?

మాజీ_కమిటీ:
పాలమూరు అక్క చెప్పింది నిజం. నేను బళ్ళు బాగుచేసే నాడు-నేడు పనుల టైంలో పేరెంట్స్ కమిటీలో ఉన్నా. సిమెంటు బస్తాలు దింపేటప్పుడు లెక్కపెట్టేది మేమే, చెక్కు మీద సంతకం మాదే, ఒక లోడు ఇసుకలో మట్టి ఎక్కువుందని వెనక్కి పంపిన రోజు ఊరంతా మా మాటే. అప్పుడు ఎవడూ పిలవకుండానే రోజూ పోయేవాళ్ళం. పనులైపోయాక మళ్ళీ మేమెవరో బడెవరో. విద్యాహక్కు చట్టం చదివితే కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు, బడి అభివృద్ధి ప్లాన్ రాయాల్సిందీ గ్రాంటు ఎట్లా ఖర్చయిందో చూడాల్సిందీ వాళ్ళే. మా ప్రైమరీలో క్లాసుకి ముగ్గురు చొప్పున 15 మందిమి. ప్లాన్ ఎప్పుడూ మేం రాయలేదు, రాసింది చూపించి సంతకం అడిగేవాళ్ళు. పథకంలో మరుగుదొడ్లకి, బడి నిర్వహణకి అని 2,000 పట్టుకుంటారు కదా, దాని లెక్క గోడ మీద రాయమనండి, జనం వస్తారో రారో చూద్దాం. గొడవకైనా వస్తారు.

కందిచేను:
గొడవకొస్తే టీచర్లకి ఇంకో తలనొప్పి. పార్టీ గొడవలన్నీ బడిలోకి తెస్తారు, కమిటీ ఎన్నికలప్పుడు చూడలేదా?

మాజీ_కమిటీ:
చూశా. ఆ భయంతోనే లెక్కలు దాస్తే ఇప్పుడున్నట్టే ఉంటది.

సుగ్గి_ఊరి_టీచర్:
అందరివీ చదివాను. మూడుచక్రాలు అన్నా, నీ పోస్ట్ చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా, ఎందుకంటే అట్లా లిస్టు చదివిన పాపం నాకూ ఉంది. పోయిన గురువారం రాత్రి ఏడున్నరకి మేమిద్దరం టీచర్లం కాలనీలో గుడి అరుగు దగ్గరికి పోయాం, రిజిస్టర్ తీసుకెళ్ళలేదు. నలుగురు పిల్లల చేత తెలుగు వాచకం చదివించాం, బాగా చదివేవాళ్ళనే ఏరుకున్నాం, అది చిన్న మోసమే అనుకోండి. 30 మంది దాకా వచ్చారు, మగవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తాగున్నారు, అది కూడా చెప్పాలి. మొదటి ప్రశ్న కోడిగుడ్ల మీద, వారానికి ఐదు కదా మా పిల్లకి నాలుగే ఎందుకొస్తున్నాయని. మా దగ్గర జవాబు లేదు, వంట ఏజెన్సీని అడుగుతామని చెప్పి వచ్చాం, అడిగితే వంటామె నాతో మాట్లాడ్డం మానేసింది.

కానీ అసలు విషయం ఒకావిడ చివర్లో అడిగింది. దీపావళి దాటితే మా ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు పడతాయి, గుంటూరు వైపు మిరప కోతకి సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు, పిల్లల్నీ తీసుకుపోతారు, మార్చి దాకా రారు. "సార్ మీరు మీటింగ్ పెట్టేది మేం లేనప్పుడే కదా" అంది. డేట్లు చూస్తే నిజమే, పోయినేడాది రెండు మీటింగులు జనవరి, ఫిబ్రవరిలో పెట్టాం. సుగ్గి పిల్లల కోసం సీజనల్ హాస్టల్ ఉందని కూడా ఆమెకి తెలీదు, ఆడపిల్లని వదిలి పోవాలంటే రాత్రి ఎవరు పడుకుంటారక్కడ అని అడిగింది.

కందిచేను:
మరి లింకు పెట్టాలా వద్దా అనేది చెప్పలేదు మీరు.

సుగ్గి_ఊరి_టీచర్:
పెడితే ముందు ఆమెకే పోతాయి డబ్బులు, జనవరిలో ఆమె మిరప చేలో ఉంటది కాబట్టి. నేను వద్దనే అంటా. పాలమూరు అక్కా, మీ సార్ సంఘం మీటింగుకి వచ్చినప్పుడు ముందు ఎవరిని అడిగి వచ్చాడు, అధ్యక్షురాలినా? మా ఊళ్ళో సంఘం మీటింగ్ ఎప్పుడో రేపు కనుక్కుంటా, దీపావళి లోపల ఒకటన్నా అందుకోవాలి.