కొత్తగా విల్లు పట్టినవాళ్లు పెద్ద కొమ్ముల బక్ (మగజింక) కోసం ఆగాలా?

ప్రశ్న (మ్యాడిసన్, విస్కాన్సిన్)

అందరికీ నమస్తే. విల్లుతో వేట నాకు పూర్తిగా కొత్త. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అయిపోయింది, కాంపౌండ్ బో (కప్పీలున్న విల్లు) ఉంది, 20 గజాల దూరంలో బాణాలన్నీ టిఫిన్ ప్లేటంత చోటులో పడుతున్నాయి. సెప్టెంబరు మధ్యలో ఆర్చరీ సీజన్ మొదలవుతుంది. మా ఆఫీసులో వేటకెళ్లే వాళ్లందరిదీ ఒకటే పాట: "చిన్న బక్ కనపడితే వదిలెయ్, పెద్దది వచ్చేదాకా ఆగు." వాళ్లలో ఒకాయన బఫెలో కౌంటీలో కొట్టిన జింకల ఫొటోలు రోజూ చూపిస్తుంటాడు. నాకు ఫ్రీజర్లో మాంసం ఉంటే చాలు. అలాగని గోడకి కొమ్ములు తగిలించుకోవాలన్న ఆశ అస్సలు లేదని కూడా చెప్పలేను. మొదటి సీజన్లోనే ట్రోఫీ కోసం ఆగాలా, ఏది ముందొస్తే దాన్ని కొట్టేయాలా? మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత వేటే లేదు కాబట్టి ఇంట్లో అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు.

జవాబు (ఓ క్లేర్, విస్కాన్సిన్)

తమ్ముడూ, ఆ రెండూ కాదు. మొదట ఒక ఆడజింకని కొట్టు. బక్ ట్యాగు, అంటే ఒక బక్‌ని కొట్టే అనుమతి, జేబులోనే ఉంచుకో.

ఎందుకో చెప్తా. మన రాష్ట్రంలో ఆర్చరీ లైసెన్సుకి ఒక్కటే బక్ ట్యాగు వస్తుంది. ఫార్మ్‌ల్యాండ్ జోన్‌లో అయితే కౌంటీని బట్టి ఆడజింక ట్యాగులు దాంతోపాటే ఇస్తారు. మీ డేన్ కౌంటీ ఆ జోన్‌లోదే. ఏడాదిన్నర వయసు బక్ మీద సెప్టెంబర్లోనే ఆ ఒక్క ట్యాగూ ఖర్చుపెట్టేశావనుకో, నవంబరు మొదటి వారాల్లో బక్‌లు ఆడజింకల వెంటపడి పట్టపగలు తిరుగుతుంటే నువ్వు చూస్తూ కూర్చోవాలి. ఆడజింకని కొడితే ఆ బాధ ఉండదు, మాంసమూ వస్తుంది.

ఇక "పెద్దది వచ్చేదాకా ఆగు" అనే మాట. అది చెప్పేవాళ్లకి సొంత పొలాలో, లీజుకి తీసుకున్న అడవో, ఎన్నో సీజన్ల అనుభవమో ఉంటుంది. తెల్లతోక బక్‌కి కొమ్ములు పూర్తిగా ఎదగాలంటే ఐదేళ్లు దాటాలి. పబ్లిక్ ల్యాండ్‌లో అన్నేళ్లు బతికిందంటే అన్ని గన్ సీజన్లు తప్పించుకున్నదన్నమాట. గాలి నీ వైపు నుంచి దాని వైపు ఒక్కసారి వీచిందంటే ఆ దరిదాపులకి రాదు. పొరపాటున వచ్చిందే అనుకుందాం. ప్రాణమున్న జింక ముందు నువ్వు విల్లు లాగడం అదే మొదటిసారి అవుతుంది. అప్పుడు చేతులు వణుకుతాయి, పిన్ను (విల్లు మీద గురి చూసే మొన) ఎక్కడుందో కనపడదు, లాగిన అల్లెతాడుని ఎప్పుడు వదిలామో కూడా గుర్తుండదు. దీన్నే ఇక్కడివాళ్లు బక్ ఫీవర్ అంటారు. ఆ పరీక్ష జీవితంలో ఒకసారి కనపడే జంతువు మీద పెట్టుకోవడం ఎందుకు?

పెరట్లో టార్గెట్ మీద రానిది ఏమిటంటే, ఎప్పుడు లాగాలో తెలియడం. జింక తల చెట్టు మాను వెనక్కి వెళ్లిన ఆ రెండు క్షణాల్లో లాగాలి. తల బయటికొచ్చాక కదిలావంటే చూసేస్తుంది. ఇక వదిలేది ఎప్పుడంటే, అది పూర్తిగా పక్కకి తిరిగి నిలబడినప్పుడు. లేదా కొంచెం అవతలికి తిరిగి ఉన్నప్పుడు, అది ఇంకా మంచిది. ముందుకాలి వెనక, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర పిన్ను ఉండాలి. ఎదురుగా నీ వైపు చూస్తుంటే ఎంత దగ్గరున్నా సరే, వదలొద్దు.

దూరం గురించి కూడా ఒక మాట. మంచి కాంపౌండ్ బో బాణం సెకనుకి 280 అడుగులు పోతుందనుకో, 20 గజాలకి సెకనులో ఐదో వంతు పడుతుంది. 40 గజాలకి దానికి రెట్టింపు. శబ్దం దానికి దాదాపు నాలుగు రెట్ల వేగంతో వెళ్తుంది. చెవులు నిక్కబొడుచుకుని ఉన్న జింక అల్లెతాడు చప్పుడు వినగానే పరుగందుకోవడానికి ఒళ్లు కిందికి కుంగదీస్తుంది. బాణం వీపు మీదుగా పోతుంది, లేదా అంతకంటే ఘోరం, వెన్ను కింద కండలో దిగుతుంది. తల దించుకుని మేస్తున్న ఆడజింక, 20 గజాల లోపు. మొదటి సీజన్‌కి నీ ట్రోఫీ కొలత అంతే.

ఇంకో సంగతి. విస్కాన్సిన్‌లో ఒకప్పుడు ఎర్న్ ఎ బక్ అని ఒక రూలు ఉండేది. అది అమల్లో ఉన్నచోట ముందు కొమ్ముల్లేని జింకని కొట్టి చూపిస్తేగానీ బక్‌ని కొట్టనిచ్చేవాళ్లు కాదు. జింకల సంఖ్య తగ్గించడానికి పెట్టారు. వేటగాళ్లు తిట్టని తిట్టు లేదు, 2011లో చట్టం చేసి మరీ తీసేశారు. అందరి మీదా రుద్దితే కోపం రావడం సహజమే. కానీ కొత్తవాడు తనకి తాను పెట్టుకోవాలంటే అంతకంటే మంచి రూలు నాకు తెలీదు.

జవాబు (పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా)

మా దగ్గర ఈ చర్చ సగం చట్టమే తేల్చేసింది. 2002 నుంచి ఇక్కడ కొమ్ములకి నిబంధన ఉంది, ఒక పక్క కొమ్ముకి ఇన్ని పాయింట్లు (మొనలు) ఉంటేనే కొట్టాలని. కాబట్టి చిన్న బక్‌ని కొడదామన్నా పెద్దవాళ్లకి కుదరదు. టెక్సస్‌లో చాలా కౌంటీల్లో రెండు కొమ్ములూ చీలి ఉన్న బక్‌కి వాటి మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉండాలంటారు. రాష్ట్రం మారినవాళ్లు పాత అలవాటుతో వెళ్లకండి. ఆ ఏడాది రూల్స్ పుస్తకం మొత్తం చదవండి. ప్రైవేటు పొలంలో అయితే యజమాని రూలు చట్టం కంటే గట్టిగా ఉండొచ్చు. ఆయన ఎనిమిది పాయింట్ల లోపు వద్దన్నాడంటే వద్దనే. మళ్లీ పిలవాలి కదా.

జవాబు (గ్రీన్ బే, విస్కాన్సిన్)

ఓ క్లేర్ అన్నతో నేను పూర్తిగా ఏకీభవించను. ఆగడం కూడా ఒక చదువే. కొట్టగలిగిన జింకని వదిలేసి అరగంట చూస్తూ కూర్చుంటే అది ఎటునుంచి వచ్చింది, ఎక్కడ ఆగి వాసన చూసింది, ఏ చప్పుడుకి తల ఎత్తింది, అన్నీ తెలుస్తాయి. ముందొచ్చినదాన్ని కొట్టేసి ఇంటికెళ్లినవాడికి అవి తెలీవు. ఉత్తరాన కొన్ని కౌంటీల్లో కొన్ని ఏళ్లు ఆడజింక ట్యాగులే ఇవ్వరు, అక్కడివాళ్లు ఏం చేయాలి మరి?

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. "ట్రోఫీ" అంటే ఎవరి లెక్క? విల్లు వేట రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్ పుస్తకంలోకి ఎక్కాలంటే మామూలు ఆకారం కొమ్ములకి కనీసం 125 అంగుళాలు రావాలి. కొమ్ముల పొడవు, చుట్టుకొలతలు, లోపలి వెడల్పు అన్నీ కలిపిన మొత్తం అది. అదీ కొట్టాక 60 రోజులు ఆరబెట్టి కొలిస్తేనే లెక్క. బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ శాశ్వత రికార్డుకైతే 170. ఆ అంకెలు మనసులో పెట్టుకుని చెట్టు మీది మంచె ఎక్కితే కొత్తవాడికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నీకు బాగుందనిపించిన బక్ నీకు ట్రోఫీ.

జవాబు (ఓ క్లేర్)

చూస్తూ కూర్చోవడం గురించి మీరన్నది నిజమే. ఆడజింకని కొట్టాలనుకున్నవాడు కూడా మొదట వచ్చినదాన్నే కొట్టక్కర్లేదు. సరిగ్గా నిలబడని జింకలు ఎలాగూ ఎన్నో వదిలేయాలి. ట్యాగులు ఇవ్వని కౌంటీ అయితే మాత్రం నా సలహా మారుతుంది. అక్కడ కొత్తవాడు చట్టం ఒప్పుకునే ఏ బక్‌నైనా కొట్టొచ్చు. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ప్రశ్న (మ్యాడిసన్)

థ్యాంక్స్ అన్నా, చాలా క్లియర్‌గా ఉంది. రెండు సందేహాలు. ఆడజింక వెంట పిల్లలుంటే కొట్టొచ్చా? మా ఆవిడ ఇప్పటికే "తల్లిని ఎలా చంపుతావు" అంటోంది. రెండోది, దూరం నుంచి ఆడజింకో, కొమ్ములు రాని మగపిల్లో ఎలా తెలుస్తుంది?

జవాబు (లా క్రాస్, విస్కాన్సిన్)

నేను మావారితో కలిసి వేటకెళ్తాను కాబట్టి మీ ఆవిడ మాట నాకు అర్థమవుతుంది. మచ్చల తోలుతో ఉన్న పిల్ల పక్కన నిలబడితే నేనూ విల్లు దించేస్తాను. అది నా మనసు. లెక్క ప్రకారమైతే ఇక్కడ పిల్లలు మే నెలాఖరు, జూన్లలో పుడతాయి. సెప్టెంబరు మధ్యకల్లా ఆకూ గడ్డీ తిని బతకగలవు, పాలు మానిపించే దశ దాటేస్తాయి. అక్టోబరు వచ్చేసరికి మచ్చలు కూడా పోతాయి. మనసొప్పకపోతే అప్పటిదాకా ఆగండి, సీజన్ జనవరి దాకా ఉంది.

రెండో సందేహం అసలైనది. కొమ్ములు మొలవని మగపిల్లని ఇక్కడ బటన్ బక్ అంటారు. ఒంటరిగా, భయం లేకుండా గబగబా దగ్గరికొచ్చే చిన్న "ఆడజింక" చాలాసార్లు అదే. అందుకే ఒంటరిదాన్ని తొందరపడి కొట్టొద్దు. గుంపు వస్తే పోల్చి చూసుకోవచ్చు. పెద్ద ఆడజింక ముఖం పొడుగ్గా, మెడ పొడుగ్గా ఉంటుంది. ఒళ్లు నిలువు కంటే పొడవు ఎక్కువ. పిల్ల ముఖం పొట్టి, ఒళ్లు చదరంగా కనపడుతుంది. బైనాక్యులర్స్‌తో రెండు చెవుల మధ్య నెత్తి చూడండి: ఆడదానికి గుండ్రంగా ఉంటుంది, బటన్ బక్‌కి బల్లపరుపుగా ఉండి రెండు బుడిపెలు కనపడొచ్చు. వెలుతురు తగ్గి ఇది తేలకపోతే వదిలేయడమే.

చెట్టు మీది మంచె ఎక్కేటప్పుడు హార్నెస్ (ఒంటికి కట్టుకునే భద్రతా పట్టీలు) కట్టుకుని, నేల మీద నుంచే లైఫ్‌లైన్‌కి (చెట్టుకి కట్టిన భద్రతా తాడుకి) తగిలించుకుని ఎక్కండి. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కొద్దు, పైకెళ్లాక తాడుతో లాక్కోండి. జింకకంటే ముందు ఇది.

ప్రశ్న (చికాగో)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు అసలు వేటాడొచ్చా?

జవాబు (పిట్స్‌బర్గ్)

తుపాకుల విషయంలో ఫెడరల్ చట్టం తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లని ఆపుతుంది. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, కానీ దాని మీద ఆధారపడే ముందు లాయరుతో మాట్లాడండి. విల్లు ఆ చట్టం దృష్టిలో ఫైర్‌ఆర్మ్ కాదు. మనవాళ్లు విల్లు వైపు వెళ్లడానికి అదీ ఒక కారణం. లైసెన్సు, రెసిడెంట్ ఫీజు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం.

ప్రశ్న (మ్యాడిసన్)

బాణం తగిలాక ఏం చేయాలి? వెంటనే దిగి వెతకాలా?

జవాబు (ఓ క్లేర్)

దిగకు. ఎటు పరిగెత్తిందో, చివరిసారి ఏ చెట్టు దగ్గర కనపడిందో గుర్తుపెట్టుకో, చెవి పెట్టి విను. ఊపిరితిత్తుల్లో తగిలిందని గట్టి నమ్మకం ఉన్నా అరగంట కూర్చో. తర్వాత మెల్లగా వెళ్లి ముందు బాణం వెతుకు. రక్తం గులాబీ రంగులో నురగలాగా ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, నాలుగు గంటలు వదిలెయ్. బాణం మీద ఆకుపచ్చ మరక ఉందా, ముక్కు దగ్గర పెడితే కడుపు కంపు కొడుతుందా, అయితే పేగులు. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చెయ్. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు దాని జోలికి వెళ్లొద్దు. తరిమావంటే మైళ్లు పోతుంది, దొరకదు. చాలా రాష్ట్రాల్లో తాడుకట్టిన కుక్కతో వెతికించడం చట్టబద్ధమే, అలాంటివాళ్ల నంబరు సీజన్‌కి ముందే ఫోన్లో పెట్టుకో. పక్కవాళ్ల పొలంలోకి వెళ్లిందంటే అడిగిగానీ అడుగుపెట్టకు.

అందుకే చెప్తున్నా, ఈ వెతుకులాట మొదటిసారి చేసేది ఆడజింక మీదైతే బుర్ర స్థిమితంగా పనిచేస్తుంది. అవతల 140 అంగుళాల బక్ ఉందని తెలిస్తే అరగంట ఎవరు కూర్చుంటారు!

జవాబు (లా క్రాస్)

మాంసం సంగతి నేను చెప్తాను. మీరుండేది డేన్ కౌంటీ. జింకల్లో వచ్చే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే మెదడు జబ్బు విస్కాన్సిన్‌లో మొదట బయటపడింది 2002లో, మీ చుట్టుపక్కలే. వయసొచ్చిన మగవాటిలో అది ఎక్కువ, ఆడవాటిలో తక్కువ. దాన్ని కలిగించే ప్రియాన్లు (వికృతమైన ప్రోటీన్లు) ఉడికించినా నశించవు. జబ్బుందని తేలిన జింక మాంసం తినొద్దని సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చెబుతోంది. డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) ఉచితంగా టెస్టు చేస్తుంది. ఐదంగుళాల మెడతో సహా తల కోసి, కియోస్క్‌లో ఫారం నింపి వదిలిరావాలి. రిజల్ట్ వచ్చేదాకా మాంసం మీద పేరు రాసి విడిగా ఫ్రీజర్లో ఉంచండి. ప్రాసెసర్‌కి (మాంసం కోసి ప్యాక్ చేసేవాళ్లకి) ఇస్తే మీ జింకని వేరేవాటితో కలపొద్దని ముందే చెప్పండి.

సెప్టెంబర్లో ఇంకా ఎండలుంటాయి. పొట్ట వెంటనే శుభ్రం చేసి లోపల ఐస్ బ్యాగులు పెట్టండి. ఎదిగిన ఆడజింక నుంచి ఎముకలు తీసేశాక సుమారు 40 పౌండ్ల మాంసం వస్తుంది. కొవ్వు, తెల్లటి పొర మొత్తం గీకేయాలి. ఆ కొవ్వు కూర చల్లారగానే మైనంలా పెదాలకి అంటుకుంటుంది. తొడ మాంసం గోంగూరతో బ్రహ్మాండంగా ఉంటుంది, కుక్కర్లో మేకమాంసం కంటే ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ. వీపు మీది బ్యాక్‌స్ట్రాప్ మాత్రం కూర వండకండి, మిరియాలు ఉప్పు వేసి పెనం మీద తిప్పి తీసేయండి. మిగిలింది స్నేహితులకి ఇవ్వొచ్చు, అమ్మితే మాత్రం నేరం.

ప్రశ్న (మ్యాడిసన్)

అందరికీ చాలా థ్యాంక్స్. ఆడజింకతోనే మొదలుపెడతా, మచ్చలు పోయాక, అక్టోబర్లో. కొట్టినట్టు ఎవరికి, ఎప్పటిలోగా చెప్పాలి?

జవాబు (ఓ క్లేర్)

గేమ్‌రెజ్‌లో (డీఎన్‌ఆర్ నమోదు వ్యవస్థలో) ఆన్‌లైన్ గానీ ఫోన్ చేసి గానీ నమోదు చేయాలి. జింక దొరికిన మర్నాడు సాయంత్రం 5 గంటల లోపు. నవంబర్లో గన్ సీజన్ నడిచే రోజుల్లో విల్లుతో వెళ్లినా నడుము పైన వేసుకునే బట్టల్లో సగమైనా మెరిసే ఆరెంజ్ గానీ గులాబీ గానీ ఉండటం తప్పనిసరి, టోపీ పెట్టుకుంటే దానిలోనూ సగం ఆ రంగే ఉండాలి. బక్ ట్యాగు ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి ఇది నీకు పనికొస్తుంది.