ఇల్లు మారాం, ఇంటర్నెట్ ఫోన్ బాక్సులో 911 కొడితే ఎక్కడికి వెళ్తుంది? (టెక్సాస్)

కొత్తిల్లు_ఫ్రిస్కో:
అందరికీ నమస్కారం. ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఫ్రిస్కోలో ఇల్లు తీసుకున్నాం. ఇండియాకి మాట్లాడటానికి పెట్టుకున్న ఇంటర్నెట్ ఫోన్ బాక్సుని కూడా తెచ్చి ఇక్కడి రౌటర్‌కి తగిలిస్తే అదే నంబరుతో చక్కగా పనిచేస్తోంది. వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నకి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, పగలంతా మేమిద్దరం ఆఫీసులో ఉంటాం. స్మార్ట్‌ఫోన్ లాక్ తీసి డయల్ చేయడం కన్నా హాల్లో ఉన్న ఈ ఫోన్ ఎత్తి మూడు అంకెలు నొక్కడం వాళ్లకి తేలిక. ఇందులో 911 పనిచేస్తుందా? మా ఆవిడ ఒకసారి కొట్టి చూద్దాం అంటోంది, నాకేమో పోలీసులు వచ్చేస్తారేమోనని టెన్షన్.

డయల్‌టోన్:
కొట్టి చూడకండి. కాల్ వెళ్లడం అయితే వెళ్తుంది, కానీ ఇర్వింగ్‌కి వెళ్తుంది. నేను ఒక చిన్న ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలో కస్టమర్ల అడ్రసులు 911 డేటాబేసులోకి ఎక్కించే పనిలోనే ఉన్నాను, కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

పాత రాగి తీగ ఫోన్ అయితే ఆ తీగ ఏ ఇంట్లోకి వెళ్తుందో కంపెనీకి తెలుసు. సెల్‌ఫోన్ అయితే టవర్, జీపీఎస్ ఉన్నాయి. మీ బాక్సుకి ఇవేవీ లేవు, నెట్ ఎక్కడ దొరికితే అక్కడ పనిచేస్తుంది, తానెక్కడుందో దానికి తెలియదు. మీరు అకౌంట్‌లో ఏ అడ్రస్ రాశారో ఆ ఊరి 911 సెంటర్‌కే కాల్ వెళ్తుంది, అక్కడి ఆపరేటర్ స్క్రీన్ మీద మీ నంబరూ ఆ పాత అపార్ట్‌మెంట్ అడ్రసూ కనిపిస్తాయి. నాన్నగారు మాట్లాడగలిగితే ఫ్రిస్కో అని చెప్తారు, వాళ్లు కాల్‌ని ఇటు మళ్లిస్తారు, కొంత టైమ్ పోయినా పనవుతుంది. మాట్లాడలేకపోతే మాత్రం అంబులెన్స్ వెళ్లి ఇర్వింగ్‌లో ఎవరి తలుపో కొడుతుంది.

ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలు 911 ఇచ్చి తీరాలని ఎఫ్‌సీసీ (అమెరికాలో ఫోన్ కంపెనీలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) 2005 జూన్‌లో ఆర్డర్ వేసింది, ఆ ఏడాది నవంబర్ 28 గడువు. కనెక్షన్ మొదలయ్యే ముందే అడ్రస్ తీసుకోవాలి, కాల్‌తో పాటు నంబరూ అడ్రసూ ఆ ప్రాంతపు సెంటర్‌కి పంపాలి, ఏ పరిస్థితుల్లో 911 పనిచేయదో కస్టమర్‌కి ముందే చెప్పాలి. మీ బాక్సుతో పాటు ఒక హెచ్చరిక స్టిక్కర్ వచ్చే ఉంటుంది, మనలో ఎంతమంది దాన్ని అతికించారో ఆ దేవుడికే ఎరుక. అడ్రస్ మార్చుకునే సదుపాయం ఇవ్వడం కంపెనీ బాధ్యత, ఇల్లు మారామని చెప్పడం మాత్రం మన పని.

అకౌంట్‌లోకి వెళ్లి "ఈ911 అడ్రస్" లేదా "ఎమర్జెన్సీ అడ్రస్" అన్న పేజీ వెతకండి. బిల్లింగ్ అడ్రస్ వేరు, ఇది వేరు. ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే, బిల్లు కొత్త ఇంటికి వస్తోంది కదా అని 911 కూడా మారిపోయిందనుకుంటారు. బిల్లులో 911 ఫీజు అని ఒక లైను కనిపిస్తుంది చూడండి, అది పన్ను లాంటిది, దానికీ మీ అడ్రస్ సరిగ్గా ఉందా లేదా అన్నదానికీ సంబంధం లేదు.

మార్చాక 933 కొట్టండి. చాలా కంపెనీల్లో ఇది పనిచేస్తుంది, మీ పేరు మీద ఉన్న ఎమర్జెన్సీ అడ్రస్‌ని రికార్డు గొంతు చదివి వినిపిస్తుంది, మనిషెవరూ ఎత్తరు. మీ దాంట్లో 933 లేకపోతే కస్టమర్ కేర్‌ని అడగండి. నిజంగా 911కే కొట్టి చూడాలంటే ముందు ఊరి పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి, ఎప్పుడు చేయమంటారో అడిగి అప్పుడే చేయాలి.

కొత్తిల్లు_ఫ్రిస్కో:
933 పనిచేసింది. ఇర్వింగ్ అపార్ట్‌మెంట్ నంబరుతో సహా అప్పజెప్పింది! వెంటనే మారుద్దామని వెళ్తే కొత్త అడ్రస్ తీసుకోవడం లేదు, "ధృవీకరించలేకపోయాం" అంటోంది. మాది కొత్త కమ్యూనిటీ, మా వీధిలో ఇంకా ఇళ్లు కడుతూనే ఉన్నారు. పక్క కమ్యూనిటీ క్లబ్‌హౌస్ అడ్రస్ అయితే ఠక్కున తీసుకుంటోంది. ప్రస్తుతానికి అది పెట్టేయనా?

డయల్‌టోన్:
వద్దు. 911 వాళ్లకి వీధుల జాబితా ఒకటి ఉంటుంది, ఎంఎస్ఏజీ అంటారు, ఏ వీధిలో ఎన్నో నంబరు నుంచి ఎన్నో నంబరు దాకా ఏ సెంటర్ కిందకి వస్తుందో అందులో ఉంటుంది. కొత్త వీధులు అందులోకి ఎక్కడానికి టైమ్ పడుతుంది. ముందు మీరు రాసిన తీరు చూడండి. కొత్త కమ్యూనిటీల్లో ఒకే పేరుతో లేన్, కోర్ట్, డ్రైవ్ మూడూ పెడతారు, వెబ్‌సైట్ తనంతట తానే ఒకటి నింపేస్తుంది. అది సరిగ్గానే ఉన్నా తీసుకోకపోతే కంపెనీకి టికెట్ వేయండి, సిటీ ఆఫీసులో అడ్రసులు చూసే విభాగానికి కూడా ఒక ఫోన్ కొట్టండి.

అడ్రస్ ధృవీకరణ కాని నంబరు నుంచి 911 కొడితే కాల్ సాధారణంగా దేశం మొత్తానికీ ఉన్న ఒక కాల్ సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ మనిషి ఎత్తి, ఎక్కడున్నారో నోటితో అడిగి, అప్పుడు మీ ఊరికి కలుపుతాడు. కొన్ని కంపెనీలు అలాంటి కాల్‌కి 75 డాలర్ల దాకా వసూలు చేస్తాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, నాన్నగారు ఆ సమయంలో మన ఫ్రిస్కో వీధి పేరుకి ఇంగ్లీషులో స్పెల్లింగ్ చెప్పగలరా అన్నది ఆలోచించండి. ఇది తేలేదాకా ఆ బాక్సు మీద ఆధారపడకండి.

గుడి_వాలంటీర్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా గుడి ఆఫీసులో, వంటశాలలో, కల్యాణ మండపంలో కలిపి ఐపీ ఫోన్లు (ఇంటర్నెట్ మీద నడిచేవి) పెట్టించాం. బయటికి కాల్ చేయాలంటే ముందు 9 నొక్కాలి. 911కి కూడా 9 నొక్కాలా?

డయల్‌టోన్:
నొక్కాల్సిన అవసరం ఉండకూడదు. మన టెక్సాస్‌లోనే, మార్షల్ అనే ఊళ్లో, 2013 డిసెంబరులో ఒక మోటెల్ గదిలో కారీ హంట్ అనే ఆవిడ హత్యకి గురైంది. తొమ్మిదేళ్ల కూతురు అదే గదిలోంచి 911 నాలుగుసార్లు కొట్టింది, ముందు 9 నొక్కాలని ఆ పిల్లకి తెలియక ఒక్కటీ కలవలేదు. ఆవిడ పేరు మీదే కారీస్ లా అనే చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత అమ్మిన, బిగించిన ఇలాంటి ఆఫీసు ఫోన్ సిస్టమ్‌లన్నిటిలో నేరుగా 911 కొడితే వెళ్లాలి, అదే సమయంలో ఫ్రంట్ ఆఫీసుకి లేదా సెక్యూరిటీకి కబురు అందేలా కూడా ఉండాలి. మీకు సిస్టమ్ పెట్టినతన్ని ఇంకొకటి కూడా అడగండి: రే బామ్స్ యాక్ట్ అనే ఇంకో చట్టం కింద వీధి అడ్రస్ ఒక్కటే చాలదు, లోపల ఎక్కడో కూడా వెళ్లాలి. పండగ రోజు వెయ్యి మంది ఉన్నచోట వంటశాల అని తెలియకపోతే స్ట్రెచర్ ఎటు తీసుకెళ్తారు?

పనిలో పనిగా ఆ 9 ని 8 చేయమనండి. 9, ఆ తర్వాత ఇండియాకి 011, 91. తొందరలో ఆ సున్నా వదిలేస్తే వెళ్లేది 911కే. ఆఫీసుల్లో ఇది మామూలే. అలా కలిస్తే కంగారుపడి పెట్టేయకండి, పొరపాటున కొట్టామని చెప్పండి, పెట్టేస్తే వాళ్లు తిరిగి చేస్తారు, ఎవరూ ఎత్తకపోతే మనిషిని పంపినా పంపుతారు.

వర్క్‌ఫ్రమ్‌హోమ్:
ల్యాప్‌టాప్‌లో ఆఫీసు సాఫ్ట్‌ఫోన్ (ఫోన్‌లా పనిచేసే యాప్) ఉంటుంది కదా, దానికీ ఇదే రూలా?

డయల్‌టోన్:
ఎక్కడున్నారో పంపాలన్న రూలు కదిలే పరికరాలకి 2022 జనవరి 6 నుంచి వర్తిస్తోంది. సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ లొకేషన్ చూడండి, హెడ్ ఆఫీసు అడ్రస్ ఉంటే ఇంటి అడ్రస్ పెట్టండి. సెల్‌లో వైఫై కాలింగ్‌కీ అలాంటి అడ్రసే ఉంటుంది, అదీ మార్చుకోండి. వాట్సాప్‌లో 911 అనేదే లేదు.

మాదాపూర్_నుంచి:
మా అబ్బాయి అమెరికా నంబరున్న బాక్సు ఇక్కడ మా ఇంట్లో పెట్టాడు. దాంట్లోంచి 108 వెళ్తుందా?

డయల్‌టోన్:
వెళ్తుందని అస్సలు అనుకోకండి అండీ. 108 అయినా 112 అయినా మీ సెల్ నుంచే చేయండి. దాంట్లో 911 కొడితే మీ అబ్బాయి ఇంటికి పోలీసులు వెళ్తారు, మీ ఇంటికి కాదు. పిల్లలు దాంతో ఆడకుండా చూడండి.

కొత్తిల్లు_ఫ్రిస్కో:
అప్‌డేట్: సిటీ వాళ్లతో మాట్లాడాక వీధి తీసుకుంది. 933 కొడితే ఫ్రిస్కో అనే చదివింది, కానీ లేన్ అనాల్సింది కోర్ట్ అంది, డయల్‌టోన్ గారు చెప్పినట్టే వెబ్‌సైట్ నింపేసింది. సరిచేసి మళ్లీ విన్నాను, ఇప్పుడు సరిగ్గా ఉంది. మరి కరెంటు పోతే?

డయల్‌టోన్:
కరెంటు పోతే బాక్సు, రౌటర్, గోడకున్న ఫైబర్ పెట్టె మూడూ ఆగుతాయి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మనందరం చూశాం కదా. మూడిటినీ ఒక చిన్న యూపీఎస్‌కి తగిలించండి, రెండు తగిలించి ఫైబర్ పెట్టెని మర్చిపోతే లాభం లేదు. అయినా నెట్ కంపెనీ వైపే పోతే ఏం చేయలేం, అందుకే ఒక సెల్ కూడా ఉండాలి.

ఫోన్ పక్కన గోడకి పెద్ద తెలుగు అక్షరాల్లో అడ్రస్ రాసి అంటించండి. ఎత్తగానే వాళ్లు ముందు అడిగేది అదే. ఆ తర్వాత "తెలుగు, తెలుగు" అని చెప్పి లైన్లోనే ఉండమనండి, చాలా సెంటర్లు ఫోన్‌లోనే అనువాదకుల్ని కలుపుతాయి.

కొత్తిల్లు_ఫ్రిస్కో:
పాత సెల్ ఒకటుంది, అందులో సిమ్ లేదు. పనికొస్తుందా?

డయల్‌టోన్:
911కి పనికొస్తుంది, సర్వీసు లేని సెల్ నుంచి వచ్చిన 911 కాల్‌ని కూడా నెట్‌వర్క్‌లు కలపాలి. కాకపోతే లైను తెగితే వాళ్లు తిరిగి చేయలేరు, మళ్లీ మీవాళ్లే కొట్టాలి. ఛార్జర్‌కి పెట్టి ఉంచండి. మరీ పాతది, 3జీ కాలం నాటిది అయితే మాత్రం పారేయండి, ఆ నెట్‌వర్క్‌లు 2022లోనే మూసేశారు.